అటక మీది శ్రుతిపెట్టె కిందికి దించండి!

పెళ్లికి ముందు సంగీతం నేర్చుకున్నవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తమంటే చాలా చేతులే లేస్తాయి. "ఇప్పుడు పాడుతున్నారా?" అని అడిగితే మాత్రం ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగిపోతాయి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, పిళ్లారి గీతాలు, మహా అయితే రెండు వర్ణాలు, నాలుగు కీర్తనలు. అంతలో సంబంధం కుదురుతుంది. మన వయసు ఆడవాళ్ల సంగీతం చాలా ఇళ్లల్లో సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

విచిత్రం చూశారా? పెళ్లిచూపుల్లో "అమ్మాయికి పాట వచ్చా?" అని అడిగినవాళ్లు పెళ్లయ్యాక ఒక్కసారైనా పాడమని అడగరు. మా పిన్ని ఒకావిడ ఈ సంగతి చెప్పి తెగ నవ్వేది. "జీవితంలో నేను చేసిన కచేరీ ఒక్కటేనే. శ్రోతలు ఏడుగురు. అందులో ఇద్దరు జంతికలు నములుతున్నారు" అనేది. ఆవిడ మంచి వర్ణాలు పాడేదని మా అమ్మ చెప్పేది గానీ నేను ఒక్కటీ వినలేదు. ఆ గొంతు ఎలా ఉండేదో మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ తెలీదు.

సరే, మన సంగతికి వద్దాం. పిల్లలు ఎదిగారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ గంట మనది. ఆ గంటలో మళ్లీ పాట మొదలెడదామా అనుకోగానే మూడు అనుమానాలు వస్తాయి. గొంతు పోయిందేమో, అంతా మర్చిపోయామేమో, ఇంట్లో నవ్వుతారేమో అని. మొదటి రెండింటికీ శాస్త్రీయమైన జవాబులున్నాయి. మూడోదానికి మన జవాబులు మనమే చూసుకోవాలి.

గొంతు పోలేదు, కిందికి దిగింది

నలభై దాటాక ఆడవాళ్ల గొంతు కాస్త బరువెక్కుతుంది. ముట్లు ఆగిపోయే వయసులో ఒంట్లో వచ్చే మార్పులకి పై స్థాయి స్వరాలు మునుపటంత సులువుగా అందవు. థైరాయిడ్ తేడా ఉన్నా గొంతు బొంగురుపోతుంది. అది తెలీక చాలామంది పదహారేళ్లప్పుడు పాడిన శ్రుతే పెట్టుకుని, తారస్థాయి షడ్జం అందక, "ఇంక నా వల్ల కాదు" అని పుస్తకం మూసేస్తారు.

మన ఆడవాళ్లు సాధారణంగా అయిదు, అయిదున్నర, ఆరు శ్రుతుల్లో పాడతారు. ఇప్పుడు మీరు ఒక మెట్టు, అవసరమైతే రెండు మెట్లు దించండి. నాలుగున్నరలో పాడితే నామోషీ ఏమీ లేదు. కింద మంద్ర పంచమం, పైన తార గాంధారం, ఈ రెండూ గొంతు పిసుక్కోకుండా అందే శ్రుతే మీ శ్రుతి. డి.కె. పట్టమ్మాళ్ గారిది ఎంత నిండైన, కిందిస్థాయి గొంతో ఆవిడ రికార్డులు వింటే తెలుస్తుంది. సన్నగా కీచుగా ఉంటేనే ఆడగొంతు అన్నది సినిమాలు మనకు అంటించిన అభిప్రాయం.

శ్రుతిపెట్టె అటక మీద ఉంటే దించి బూజు దులపండి. తిత్తి చిరిగి గాలి పోతుంటే బాగుచేయించాలని కూచోకండి, ఆ పనికి మనిషి దొరికేసరికి ఉత్సాహం చల్లారిపోతుంది. ఇప్పుడు ఫోన్లోనే తంబురా శ్రుతి ఉచితంగా దొరుకుతోంది. ఫోన్ స్పీకరు మరీ పీలగా ఉంటే ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెట్టండి, నాదం కాస్త పెద్దదవుతుంది.

మొదటి పదిహేను రోజులూ పాటలు వద్దు. పొద్దున్నే పాలు కాగే లోపు పది నిమిషాలు, శ్రుతి పెట్టుకుని షడ్జం పట్టి నిలబడండి. తర్వాత మంద్రస్థాయిలో దిగండి. దీన్నే మంద్ర సాధన అంటారు. పెద్ద పెద్ద విద్వాంసులు కూడా తెల్లవారుజామున చేసే పని ఇదే. ఆ తర్వాత మాయామాళవగౌళలో సరళీ స్వరాలు అకారంతో పాడండి. "చిన్నపిల్లల పాఠం మళ్లీ ఎందుకు?" అనుకోకండి. ఈ పాఠాల వరస ఏర్పరిచింది పురందరదాసు అంటారు. అందుకే ఆయన్ని కర్ణాటక సంగీత పితామహుడన్నారు. మాయామాళవగౌళనే మొదటి రాగంగా పెట్టడంలో కిటుకుంది. అందులో స-రి, గ-మ, ప-ధ, ని-స ఇవన్నీ పక్కపక్క మెట్లు. కింది సగం ఎలా ఉందో పై సగమూ అచ్చం అలాగే ఉంటుంది. ఒక సగం కుదిరితే రెండో సగం దానంతటదే వస్తుంది.

కడుపు నిండా తిని పాడకండి. పిల్లల మీద అరిచిన వెంటనే అసలు పాడకండి (అరవకుండా ఉండమని చెప్పను, అది అయ్యే పని కాదు). చల్లనీళ్లు మానడం మీ ఇష్టం గానీ, నీళ్లు తాగడం మాత్రం మానకండి. రాత్రి తిన్నది పుల్లగా గొంతులోకి వచ్చేవాళ్లు పాట కంటే ముందు ఆ సంగతి చూసుకోవాలి, ఆ పులుపు గొంతుని మంట పెడుతుంది. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టక చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి చూపించండి.

వినడం కూడా సాధనే

ఇప్పుడు రెండో అనుమానం, అంతా మర్చిపోయామేమో అన్నది. చేతి మీద తాళం వేసి చూడండి. ఆది తాళం! ఒక దెబ్బ, చిటికెన వేలు నుంచి మూడు వేళ్లు, తర్వాత దెబ్బ-తిప్పు, మళ్లీ దెబ్బ-తిప్పు. మొత్తం ఎనిమిది. చెయ్యి దానంతటదే వేసేసింది కదూ? ముప్ఫై ఏళ్లు అప్పడాల కర్ర తిప్పినా చెయ్యి ఆ ఎనిమిదిని మర్చిపోలేదు.

నా మాట నమ్మండి, కొత్త కీర్తనలు నేర్చుకోడం కంటే ముందు వినడం నేర్చుకోవాలి. నేర్చుకున్న రోజుల్లో మనం విన్నది తక్కువ. టీచరు గారు చెప్పింది అప్పజెప్పాం, అంతే! కచేరీలు నగరాల్లో ఉండేవి. రేడియో ఒక్కటే దిక్కు. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని, అందులో బాలమురళీకృష్ణ గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు. ఓలేటి వెంకటేశ్వర్లు గారు రేడియోలోనే సంగీత శిక్షణ పాఠాలు చెప్పేవారు. గుమ్మం దాటి వెళ్లే వీల్లేని ఎందరో ఆడవాళ్లకి ఆ రేడియోనే గురువు. ఇప్పుడు ఫోన్లో అన్నీ ఉన్నాయి, అదే చిక్కు కూడా. ఒకటి పెట్టి రెండు నిమిషాలు విని ఇంకోటి, అది కాదని ఇంకోటి. అలా వింటే ఏమీ మిగలదు.

నేను పాటించే పద్ధతి చెప్తాను. వారానికి ఒకే రాగం. ఒకే కీర్తన, ఇద్దరు ముగ్గురు పాడింది. వంట చేస్తూ వినొచ్చు గానీ పోపు వేసేటప్పుడు ఆపండి. ఆ చిటపటల్లో ఆలాపన పోతే అది విన్నట్టు కాదు.

ఏ రాగంతో మొదలుపెట్టాలి? తెలిసిన పాటతోనే. "మాయాబజార్" (1957)లో వెన్నెల్లో పడవ మీద ఘంటసాల, లీల పాడిన పాట గుర్తుందిగా? అది మోహన. స రి గ ప ధ, అయిదే స్వరాలు. "పూజాఫలం" (1964)లో జానకి గారి వెన్నెల పాట హిందోళం. అందులోనూ అయిదే, కాని స గ మ ధ ని. రెంటిలోనూ వెన్నెలే, రెంటిలోనూ అయిదే స్వరాలు, అయినా ఒకటి విప్పారి నవ్వుతుంది, ఒకటి లోపలికి చూసుకుంటుంది. ఈ రెండూ విడివిడిగా పట్టుకోగలిగితే మీ చెవి తెరుచుకున్నట్టే. ఇంక "జగదేకవీరుని కథ" (1961)లో ఎన్టీఆర్ గానానికి రాయి కరిగిపోయే పాట దర్బారీ కానడ. అది హిందూస్తానీ నుంచి వచ్చిన రాగం. 

తర్వాత మెట్టు కల్యాణి, శంకరాభరణం. ఈ రెంటికీ తేడా ఒక్క మధ్యమంలోనే. మిగతా ఆరు స్వరాలూ ఒకటే. శంకరాభరణంలో శుద్ధ మధ్యమం, కల్యాణిలో ప్రతి మధ్యమం. అదే కందిపప్పు, అవే ముక్కలు, చింతపండు బదులు మామిడికాయ పడితే రుచి ఎలా మారిపోతుందో అలా అన్నమాట. డెబ్భై రెండు మేళకర్తలనగానే జడుసుకోకండి. అందులో సగం శుద్ధ మధ్యమం, సగం ప్రతి మధ్యమం. ముప్ఫై ఆరు, ముప్ఫై ఆరు. కల్యాణి అరవై అయిదోది, శంకరాభరణం ఇరవై తొమ్మిదోది. అరవై అయిదులోంచి ముప్ఫై ఆరు తీసేస్తే ఎంత? ఇరవై తొమ్మిది! ఏ మేళానికైనా ఈ లెక్కే. లెక్కలంటే పారిపోయే నాకు ఇది తెలిసిన రోజు పండగే అయింది.

కచేరీ మొత్తం వినాలనుకుంటే దాని వరస తెలిస్తే విసుగు రాదు. ముందు వర్ణం, ఆ తర్వాత వినాయకుడి మీదో కీర్తన, మధ్యలో ఆలాపన, నెరవు, స్వరకల్పనతో పెద్ద కీర్తన, మృదంగం వాళ్ల తని ఆవర్తనం, చివర్లో పదాలు, జావళీలు, తిల్లానా, మంగళం. ఈ వరసని ఇలా కుదిర్చింది అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890-1967) గారంటారు. తని ఆవర్తనం రాగానే చాలామంది లేచి కాఫీకి వెళ్తారు. ఇంట్లో వింటూ మీరూ అప్పుడే స్టవ్ దగ్గరికి వెళ్లకండి, తాళం వేస్తూ కూచోండి. ఎనిమిది ఎక్కడ మొదలైందో, వాళ్లు ఎక్కడెక్కడో తిరిగి ఎలా వచ్చి వాలారో చూడండి. మంచి సస్పెన్స్ సీరియల్ కంటే బాగుంటుంది.

ఇక ఎవరిని వినాలంటారా? ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి అన్నమయ్య కీర్తనలతో మొదలెట్టండి. ఉచ్చారణ నేర్చుకోడానికి అంతకన్న మంచి పాఠం లేదు. ఆవిడ మాతృభాష తెలుగు కాదు, అయినా ఒత్తులు ఒక్కటి జారవు. మన తెలుగువాళ్లం పాడేటప్పుడే ఎక్కువ మింగేస్తాం. నేదునూరి కృష్ణమూర్తి గారు వరసలు కట్టిన అన్నమయ్య కీర్తనలు, ఓలేటి వారి ఆలాపనలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఇవి వినకుండా "నాకు సంగీతం ఇష్టం" అనకండి. గోపాలరత్నం గారిని (1939-1993) ఈ తరం వాళ్లు మర్చిపోతున్నారని నా బాధ. కీర్తన, పదం, ఎంకి పాట, ఏది పాడినా మన పక్కింటి ఆవిడ పాడినంత దగ్గరగా ఉంటుంది.

పుస్తకాలు కావాలంటే రెండే చెప్తాను. బాలాంత్రపు రజనీకాంతరావు గారి "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము". 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది దానికి. రెండోది శ్రీపాద పినాకపాణి గారి "సంగీత సౌరభం". తి.తి.దే. వాళ్లు వేశారు, స్వరంతో సహా ఉంటుంది. పినాకపాణి గారు (1913-2013) వృత్తిరీత్యా డాక్టరు. కర్నూలు మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్తూ, రోగుల్ని చూస్తూ, నేదునూరి, ఓలేటి లాంటి శిష్యుల్ని తయారుచేశారు. తీరిక లేదనేవాళ్లకి ఈయన పేరు చెప్పి ఊరుకుంటాను నేను.

మనకంటే ముందు గుమ్మం దాటినవాళ్లు

ఆడవాళ్లకి ఈ సంగీతం ఎవరో పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. బెంగళూరు నాగరత్నమ్మ (1878-1952) కథ తెలుసా? దేవదాసీ కుటుంబంలో పుట్టి, గాయనిగా బాగా సంపాదించింది. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన "రాధికాసాంత్వనము" ప్రతి సంపాదించి 1910లో అచ్చు వేయించింది. ఆడది అలాంటి శృంగార కావ్యం రాయడమూ, ఇంకో ఆడది అచ్చు వేయడమూ అప్పటి పెద్దమనుషులకి మింగుడు పడలేదు. ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోయింది టంగుటూరి ప్రకాశం గారి హయాంలో.

అదే నాగరత్నమ్మ తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉందని విని, తన సొమ్ము పెట్టి 1920లలో అక్కడ గుడి కట్టించింది. గుడి కట్టించిన మనిషికే ఆ ఆరాధనోత్సవాల్లో పాడే వీలు లేదు, ఎందుకంటే అప్పుడు ఆడవాళ్లని పాడనిచ్చేవారు కాదు! ఆవిడ ఏడుస్తూ కూచోలేదు. ఆడవాళ్లతో వేరే బృందం కట్టి తనూ ఉత్సవం చేసింది. చివరికి 1940 ప్రాంతంలో అందరూ ఒకటయ్యారు. ఇవాళ పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో ఆడవాళ్లు వందల మంది కూచుని పంచరత్నాలు పాడుతున్నారంటే అది ఆవిడ పెట్టిన భిక్ష. ఆవిడ సమాధీ అక్కడే, స్వామికి ఎదురుగా.

పట్టమ్మాళ్ గారి సంగతీ అంతే. రాగం-తానం-పల్లవి మగవాళ్ల సొత్తు అనుకునే రోజుల్లో ఆవిడ వేదిక మీద పల్లవి పాడి చూపించింది. ఎమ్మెస్ గారికి 1998లో భారతరత్న వచ్చింది. సంగీత విద్వాంసులకి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి.

పిల్లల్ని మాత్రం ఆపకండి

ఇంత చెప్పడానికి కారణం వేరే ఉంది. మన పాట పెళ్లితో ఆగింది. మన పిల్లల పాట తొమ్మిదో తరగతితో ఆగుతోంది. "టెన్త్ అయ్యాక చూద్దాం", "ఇంటర్ అయ్యాక చూద్దాం", ఆ తర్వాత ఎంట్రన్సు పరీక్షలు, ఆ తర్వాత ఉద్యోగం. మా అమ్మాయి తొమ్మిదిలోకి రాగానే మా వారూ ఈ మాటే అన్నారు. స్కూలు వాళ్లు ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివారు. "సంగీతం, డాన్సు ఇలాంటివి ఉంటే ర్యాంకు మీద ఆశ వదులుకోండి" అని మీటింగులో అందరి ముందే చెప్పారు. మా వారు నా వైపు చూశారు. నాకు చెప్పరాని కోపం వచ్చింది. ఇంటికొచ్చాక ఒక్కటే అడిగాను: "దాని చేత రోజుకి ఇరవై నిమిషాలు టీవీ మాన్పిస్తాను, సంగీతం మాన్పించను. సరేనా?" ఆయన రెండ్రోజులు ముభావంగా ఉండి ఒప్పుకున్నారు.

టీచరు గారితో మాట్లాడాను. కొత్త కీర్తనలు వద్దు, పరీక్షల రెండేళ్లూ పాత వర్ణాలే మూడు కాలాల్లో పాడించమన్నాను. ఆవిడ "అసలు సాధన అదేనమ్మా" అంది. ఇప్పుడది బీటెక్ రెండో ఏడు. ర్యాంకు ఎంత వచ్చిందంటారా, సంగీతం మానేసిన దాని స్నేహితురాళ్లకి వచ్చినట్టే వచ్చింది, కొందరికంటే మేలు, కొందరికంటే తక్కువ. హాస్టల్లో ఫోన్లో శ్రుతి పెట్టుకుని పాడుతుందిట. పక్క గది పిల్లలు తలుపు కొడతారుట, ఒక్కోసారి ఆపమని, ఒక్కోసారి ఇంకోటి పాడమని.

ఇక ఇంట్లోవాళ్లు నవ్వుతారన్న మూడో అనుమానం. నవ్వుతారు, అందులో సందేహం లేదు. మొదటి నెల నా షడ్జానికి మా అబ్బాయి కుక్కర్ విజిల్తో జుగల్బందీ అన్నాడు. మా అత్తయ్య గారు "ఈ వయసులో ఇదేమిటే" అని రెండుసార్లు అన్నారు. మూడో నెలలో నేను ఒక చరణం మింగేసి దాటేస్తే, పక్క గదిలోంచి ఆవిడే అందించారు. ఆవిడకి పాట వచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. ఇరవై మూడేళ్ల కాపురంలో!

గురువు దగ్గర చేరాలనుకుంటే మీ ఊళ్లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉందేమో కనుక్కోండి. పక్క వీధిలో పిల్లలకి చెప్పే టీచరు గారినే అడిగినా కాదనరు. వీడియోలో నేర్చుకునేవాళ్లు కూడా పెరిగారు. అమెరికాలో ఉన్న మన తెలుగు ఆడవాళ్లు వాళ్ల రాత్రి వేళ ఇక్కడి టీచర్ల దగ్గర నేర్చుకుంటున్నారు. అందులో ఒక ఇబ్బంది, మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. టీచరు గారితో కలిపి పాడాలని చూస్తే తాళం తప్పినట్టే వినిపిస్తుంది. కాబట్టి ఆవిడ పాడి ఆపాక మీరు పాడండి, శ్రుతి మీ ఇంట్లోనే పెట్టుకోండి.

పుష్య మాసం వచ్చినప్పుడు మీ ఊళ్లో త్యాగరాజ ఆరాధన ఎక్కడ జరుగుతుందో చూసుకుని, పుస్తకం పట్టుకుని వెళ్లండి. పంచరత్నాలు అయిదూ ఆది తాళమే. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగే. పుస్తకం చూసి పాడేవాళ్లు వెనక వరసల్లో బోలెడంతమంది ఉంటారు. బాగా వచ్చినవాళ్ల పక్కన చోటు చూసుకోండి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఇదీ వరస. వరాళిని మాత్రం గురువు ఎదురుగా కూచోబెట్టుకుని నేర్పితే గురుశిష్యులకి చెడుతుందని పాతకాలం నుంచి ఒక నమ్మకం. అందుకని అది విని నేర్చుకోవాల్సిందే అంటారు. రేడియో దగ్గర, వంటింటి గట్టు దగ్గర నేర్చుకున్న మనకి అదేమంత కష్టం కాదు లెండి.